ఫిల్టరు అంచున తారీఖు

"ఇది మీ కారులోంచి తీసిందే మేడమ్," అన్నాడు టై కట్టుకున్న అబ్బాయి.

ఎంత బాధగా అన్నాడంటే, ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేదని చెబుతున్నట్టుంది. అతని చేతిలో ఉన్నది ఎయిర్ ఫిల్టర్. పుస్తకమంత ఉంది. కాగితాన్ని విసనకర్రలా సన్నటి మడతలు పెట్టి చట్రంలో బిగించినట్టుంది. ఆ మడతల నిండా నల్లటి మట్టి. ఒక మూల ఎండుటాకు ఇరుక్కుని ఉంది.

ఆమెకి సిగ్గేసింది. ఆమె ఫిజియోథెరపిస్టు. పొద్దున లేస్తే ఇల్లిల్లూ తిరిగి, మోకాళ్లు పట్టేసినవాళ్ల చేత, భుజాలు పైకి లేవనివాళ్ల చేత వ్యాయామం చేయిస్తుంది. ఊపిరి నిండుగా పీల్చండి అని రోజుకి వందసార్లు అంటుంది. తన కారుకే ముక్కు మూసుకుపోయిన సంగతి తెలుసుకోలేకపోయింది.

"మార్చేయండి," అంది.

మార్పించాడు. బిల్లు ఇచ్చాడు. బయట చినుకులు పడుతుంటే గొడుగు పట్టుకుని కారు దాకా వచ్చాడు. గొడుగంతా ఆమె వైపే వంచి, తన ఎడమ భుజం తడిపేసుకున్నాడు. పాపం, మంచివాడే అనుకుంది.

తర్వాత ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ ఒళ్లు మండింది ఆ ఒక్క మాట అనుకున్నందుకే.

*

ఇంట్లో అమ్మమ్మ కుడిచేతికి పిండికట్టుతో వరండాలో కూర్చుని ఉంది. ఆ చెయ్యి విరగకపోతే బండి ఆ అద్దాల సర్వీస్ సెంటర్ గడప తొక్కేదే కాదు. ఇరవై ఏళ్లుగా ఆ కారుకి చిన్నాచితకా పనులన్నీ ఆవిడే చేసుకుంది.

అమ్మమ్మ పాతికేళ్లు ఆసుపత్రిలో మందుల స్టోరు చూసిన మనిషి. ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా ఎన్నాళ్లు పనిచేస్తుందో లెక్కగట్టి, మార్చాల్సిన తారీఖు నీలం పెన్నుతో దాని మీద రాస్తేగాని ఆవిడకి తోచదు. బల్బుల మీద తారీఖులు, గ్యాసు గొట్టం మీద తారీఖు, దిండ్ల మీద, చివరికి తుడుపుగుడ్డల మూలల మీద కూడా.

ఆవిడ బిల్లు చూసి కళ్లజోడు సర్దుకుంది. "ఎయిర్ ఫిల్టర్ మార్చారా?"

"మార్చారు. పాతది చూపించాడు అమ్మమ్మా, బొగ్గులా ఉంది."

"అంచు మీద ఏం రాసుంది?"

"ఏం లేదు. మట్టి."

"ఏమే పిడుగూ," అంది అమ్మమ్మ. ఉరమకుండానే పడుతుంది కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆమెకి ఆ పేరే ఖాయమైంది. "నాలుగు నెలలే అయింది నేను మార్చి. తారీఖు కూడా రాశాను. పద, బానెట్ ఎత్తు."

ఎత్తింది. ఇంజిన్ పక్కన నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంది. "నాలుగు క్లిప్పులు. వేలితో లాగు, ఊడొస్తాయి," అంది అమ్మమ్మ. క్లిప్పులు టకటకా ఊడాయి. మూత ఎత్తింది. లోపల శుభ్రమైన ఫిల్టరు. దాని రబ్బరు అంచు మీద నీలం పెన్నుతో, అమ్మమ్మ గుండ్రటి దస్తూరీలో, ఇంకా ఎనిమిది నెలలకి రాబోయే తారీఖు.

కొత్తది వెయ్యనే లేదు. పాతది తియ్యనే లేదు. డబ్బు మాత్రం తీసుకున్నారు.

"దీనికి రెండు నిమిషాలు పట్టింది," అంది ఆమె. "దీనికి లేబర్ చార్జీ కూడా వేశాడు."

"షాపులో నంబరు చెప్పి కొనుక్కుంటే వాళ్ల ధరలో మూడో వంతు ఉండదు. మార్చేముందు ఎండకి పట్టి చూసుకోవాలి. మడతల్లోంచి వెలుతురు కనపడితే ఇంకా పనికొస్తుంది." చినుకులు ఆగి అప్పుడే వచ్చిన ఎండకి అమ్మమ్మ ఎడమచేత్తో ఫిల్టరు పట్టింది. మడత మడతకీ వెలుతురు. "చూడు, ఎంత చక్కగా ఉందో. బండి నీ పేరున రాద్దామనుకున్నాను. ఎవడో నల్లటి ముక్క చూపిస్తే తలూపి వచ్చావు."

"అమ్మమ్మా..."

"ఈ తారీఖు దాకా చూస్తాను. ఈలోగా నీ అజాగ్రత్త ఇంకొక్కసారి ఈ బండి మీదికొచ్చిందా, అమ్మేస్తాను. బస్సుల్లో తిరుగుదువుగాని."

అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు ఆవిడ. ఊరి నాలుగు మూలలా పదకొండుమంది పేషెంట్లు. బండి పోతే సగంమందిని వదులుకోవాల్సిందే.

ఫిల్టరు లేకుండా బండి నడపకూడదని అమ్మమ్మ చెప్పింది కాబట్టి ఆ పిడుగు బస్సెక్కింది, ఫిల్టరుని ఒళ్లో పెట్టుకుని.

*

"ఇదేంటి?" ఫిల్టరుని అతని టేబుల్ మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద. కాఫీ తాగుతున్న నలుగురు కస్టమర్లూ కప్పులు దించారు.

"ఎయిర్ ఫిల్టర్ మేడమ్," అన్నాడు టై అబ్బాయి, లేచి నిలబడి.

"ఎవరిది?"

"ఎవరి... మీదా?"

"నా కారులోంచి తీశాను. ఇప్పుడే. నా చేత్తో. మరి పొద్దున మీరు చూపించింది ఎవరిది?"

అతను ఫిల్టరు తీసి చూశాడు. అంచు మీది తారీఖు చదివాడు. మళ్లీ చదివాడు. "వర్క్‌షాప్‌లోంచి నాకు ఇచ్చింది... ఒక్క నిమిషం మేడమ్."

లోపలికి వెళ్లాడు. కస్టమర్లు రాకూడదు అని రాసున్న తలుపులోంచి ఆమె కూడా వెనకే వెళ్లింది. ఫోర్‌మన్ టేబుల్ సొరుగు లాగాడు అతను. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టిపెట్టి ఉంది ఆ నల్లటి ఫిల్టరు. మూలన ఎండుటాకు.

ఆ కంపెనీ చిన్న కార్లన్నిటికీ ఒకటే సైజు. అందరికీ ఇదొక్కటే చూపిస్తే సరిపోతుంది.

అతను ఆ ఆకు వైపే చూస్తూ నిలబడిపోయాడు. "ఈ ఆకుని చాలాసార్లు చూశాను," అన్నాడు మెల్లగా. "ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఈ ఊళ్లో అందరూ ఒకే రకం చెట్టు కింద కార్లు పెడతారనుకున్నాను."

ఇంకో రోజైతే ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. "నన్ను ఇది నమ్మమంటారా?"

"వద్దండి. నేనైనా నమ్మను."

"పైగా గొడుగొకటి. భుజం తడుపుకోవడం కూడా ట్రైనింగ్‌లోనే నేర్పుతారా?"

అతని మొహం ఎర్రబడింది. "అది నేర్పలేదు."

"టై కట్టుకుని చెబితే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందనుకున్నారా? మా అమ్మమ్మ ఒంటిచేత్తో పట్టుకుంది మీ దొంగతనం. ఒంటిచేత్తో."

మేనేజరు పరుగున వచ్చి, ఆమె నోరు మూయించడానికి డబ్బు వెనక్కి ఇచ్చేశాడు. డబ్బు వచ్చింది కానీ నోరు మూతపడలేదు. బస్‌స్టాప్ దాకా తనలో తనే తిట్టుకుంటూ వెళ్లింది. వెనక్కి తిరిగి చూస్తే, టై అబ్బాయి గాజు తలుపు అవతల ఆ నల్లటి ఫిల్టరు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

కోపం దిగకుండానే ఇంటికొచ్చింది. కోపంగానే బానెట్ ఎత్తింది. "పెట్టెలో దుమ్ముంటుంది, తుడిచి పెట్టు," అని అమ్మమ్మ వరండాలోంచి పసుపుపచ్చ గుడ్డ విసిరింది. ఆమె పెట్టె అడుగున తుడిచింది. తుడుస్తున్నంతసేపూ టై అబ్బాయినీ, గొడుగునీ, తడిసిన భుజాన్నీ తిడుతూనే ఉంది. ఫిల్టరు పెట్టి, మూత మూసి, నాలుగు క్లిప్పులూ అతని పీక నొక్కినట్టు నొక్కింది.

*

మర్నాడు పొద్దున బండి ఇంటి నుంచే నీరసంగా బయల్దేరింది. ఎత్తు రోడ్డు మొదట్లో దగ్గింది. సగానికొచ్చేసరికి, ఆయాసమొచ్చిన మనిషిలా రొప్పి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వాన. ఎవరో చెప్పి పంపినట్టు, ఆ రోడ్డుకి మాత్రమే కావలసినంత.

ఆమెకి సందేహమే లేదు. నిన్న పరువు తీసిందని వాళ్లే ఏదో చేసి ఉంటారు. ఆ గొడవప్పుడు బండి ఇంట్లోనే ఉందన్న సంగతి కోపంలో గుర్తు రాలేదు. బిల్లు మీదున్న అతని సెల్ నంబరుకి ఫోన్ చేసింది.

"మీ పగ తీరిందా?" అంది.

"ఎక్కడున్నారు?" అన్నాడు అతను.

పావుగంటలో పాత మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. మెడలో టై లేదు.

"ఏం చేశారు నా బండిని?" ఆమె వానలోకి దిగింది. "పేషెంటు ఎదురుచూస్తోంది. పెద్దావిడ. నేను వెళ్తేగాని మంచం దిగదు. ఇది మా అమ్మమ్మకి తెలిస్తే బండి అమ్మేస్తుంది. మీకేం, ఇంకో సొరుగులోంచి ఇంకో ముక్క తీసి చూపిస్తారు."

అతను మాట్లాడకుండా బానెట్ ఎత్తాడు. క్లిప్పులు తీశాడు. ఫిల్టరు పక్కన పెట్టాడు. పెట్టె అడుగున, గాలి లోపలికొచ్చే దారికి అడ్డంగా ఉన్నదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగాడు.

పసుపుపచ్చ గుడ్డ. బారుగా వస్తూనే ఉంది.

అతను దాని మూల సరిచేసి చూశాడు. "దీని మీద కూడా తారీఖు ఉందండి," అన్నాడు.

రోడ్డు చీలి తనని మింగేస్తే బాగుండనుకుంది ఆమె.

"నవ్వాలనుంటే నవ్వండి."

"నవ్వట్లేదు."

"మరి ఆ మొహమేంటి?"

"వాన నీళ్లు."

అతను ఫిల్టరు పెట్టి మూత బిగించాడు. ఒక్కసారికే బండి స్టార్టయింది. హాయిగా, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆమెకి ఇంకా కోపంగానే ఉంది. ఈసారి ఎవరి మీదో చెప్పుకోలేని కోపం.

"టై ఏది?"

"టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. ఆకు చూపించిన వాళ్లందరికీ డబ్బు వెనక్కివ్వమన్నాను. ఉద్యోగం కావాలా ఆకు కావాలా అన్నాడు మేనేజరు."

"ఉద్యోగం మానేశాక నేను పిలిస్తే ఎందుకొచ్చారు?"

"మీరు తిట్టాల్సింది ఇంకా మిగిలుంటుందేమోనని."

ఆమె తల దించుకుని, చెప్పుల కింద పారుతున్న నీళ్లకి చెప్పినట్టు, "సారీ," అంది. తర్వాత కారెక్కి, అద్దం దించి, "ఈ గుడ్డ సంగతి అమ్మమ్మకి చెప్పకండి," అని కూడా అంది. అతను తలూపి, తడిగుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

*

ఎనిమిది నెలలు.

టై లేని టై అబ్బాయి సంచి నిండా పానాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి కార్లు బాగుచేయడం మొదలెట్టాడు. వెళ్లిన ప్రతిచోటా ఫిల్టరు మార్చుకోవడం వాళ్లకే నేర్పి వచ్చేవాడు. "అందరికీ నేర్పేస్తే మిమ్మల్నెవరు పిలుస్తారు?" అని ఆమె కేకలేసేది. విచిత్రం, పిలిచేవాళ్లు పెరుగుతూనే వచ్చారు.

అమ్మమ్మకి చెయ్యి బాగయింది. కానీ పసుపు గుడ్డ మాత్రం మర్చిపోలేదు. "నా గుడ్డల్లో ఒకటి తగ్గింది. ఇంకా ఏడాది పనికొచ్చే గుడ్డ," అని వారానికోసారి అనేది. అన్నప్పుడల్లా ఆమె ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయేది.

ఆదివారం ఆదివారం అతను వచ్చేవాడు. టైర్లలో గాలి చూసేవాడు. ఆయిల్ చూసేవాడు. బ్యాటరీ నీళ్లు చూసేవాడు. అమ్మమ్మ ఇచ్చిన టీ తాగి, ఆమె వైపు చూసి, ఏదో అనబోయి, "వెనక ఎడమ టైరు కాస్త తగ్గిందండి," అని వెళ్లిపోయేవాడు.

ముప్ఫై అయిదు ఆదివారాలు. టైర్ల గురించి ఒక మనిషి ఎంత మాట్లాడగలడో అంతా మాట్లాడేశాడు. ఇంక ఇంకో విషయం ఎత్తుతాడేమో అని ఆమె చూసింది. ఎత్తలేదు. ఆమెకి నిద్రలో కూడా కోపం వచ్చేది.

చివరికి ఆ తారీఖు వచ్చింది.

కొత్త ఫిల్టరు ఆమే కొంది. పాతదాని నంబరు చీటీ మీద రాసుకెళ్లి, రెండు షాపులు అడిగి, సర్వీస్ సెంటర్ ధరలో మూడో వంతుకన్నా తక్కువకే తెచ్చింది. అమ్మమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, బండి కాగితాలు ఒళ్లో పెట్టుకుని, జడ్జీలా కూర్చుంది. అతను పక్కన నిలబడ్డాడు.

ఆమె క్లిప్పులు ఊడదీసింది. పాత ఫిల్టరుని అతను అందుకుని ఎండకి పట్టాడు. మసకగానైనా వెలుతురు కనిపించింది.

"ఇంకో రెండు నెలలు వాడొచ్చండి," అన్నాడు. "డబ్బు మిగులుతుంది."

అంతే. ఎనిమిది నెలలుగా అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పొంగింది.

"రెండు నెలలు వాడి? ఇంకో ఎనిమిది ఆదివారాలు టైర్ల గురించి మాట్లాడతావా? ఈ రోజే మార్చాలి. తుడువు ఆ పెట్టె."

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని ఆమె గమనించలేదు. అతను గమనించాడు. కంగారులో జేబులో చెయ్యి పెట్టి, దొరికిన గుడ్డ తీసి పెట్టె తుడవడం మొదలెట్టాడు.

పసుపుపచ్చ గుడ్డ. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టినది.

"ఆగు," అంది అమ్మమ్మ. "ఆ మూల చూపించు."

నీలం పెన్ను వెలిసిపోయినా తారీఖు కనిపిస్తూనే ఉంది.

"నా గుడ్డ నీకెక్కడ దొరికింది అబ్బాయ్?"

అతను ఆమె వైపు చూశాడు. "దారిలో... పడుంటే..."

"అబద్ధాలు చెప్పకు," అంది ఆమె. కోపంతో సగం, భయంతో సగం. "టై లేకుండా చెప్పినా అబద్ధం అబద్ధమే. అమ్మమ్మా, ఆ గుడ్డ నేనే పెట్టెలో వదిలేశాను. బండి ఎత్తు రోడ్డులో ఆగిపోయింది. నేను ఇతన్నే దొంగ అన్నాను. ఇతనే వచ్చి తీశాడు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. కాగితాలు లోపల పెట్టేసుకో. అమ్మేసుకో."

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని గుడ్డ వైపు చూసింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"చెప్పొద్దంది, చెప్పలేదు. బాగుంది. గుడ్డ పారెయ్యొచ్చుగా? ఉతికి ఇస్త్రీ ఎందుకు చేశావు?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నాకూ కావాలి ఆ సంగతి," అంది ఆమె. "ఎనిమిది నెలలు జేబులో పెట్టుకు తిరిగావా? చెప్పు. టైరు అన్నావంటే చూడు."

"మీరు నాతో కోపం లేకుండా మాట్లాడింది అప్పుడొక్కసారే," అన్నాడు అతను. "ఆ వానలో. సారీ అన్నారు. దాని గుర్తు నా దగ్గర ఇదొక్కటే ఉంది."

"మరి ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదు?"

"విప్పితే తిడతారని."

"తిడతాను. అయితే?"

"అయితే..." అతను గుడ్డని చేతుల్లో నలిపేస్తున్నాడు. "తిట్టు. రోజూ తిట్టు. దగ్గరుండి పడతాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచీ ఎన్నడూ జరగనిది జరిగింది. పిడుగుకి మాట దొరకలేదు. కళ్లలో మాత్రం నీళ్లు దొరికాయి.

"వాన లేదుగా," అన్నాడు అతను మెల్లగా. "మరి ఆ మొహమేంటి?"

"నోరు మూసుకుని ఫిల్టరు అందుకో," అంది ఆమె, నవ్వు ఆపుకోలేక.

ఇద్దరూ కలిసి కొత్త ఫిల్టరు పెట్టారు. రెండు క్లిప్పులు ఆమె, రెండు అతను. నాలుగో క్లిప్పు దగ్గర వేళ్లు తగిలి, ఆ ఒక్క క్లిప్పుకీ కావలసినదానికన్నా చాలా ఎక్కువసేపు పట్టింది.

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "బండి నీకివ్వను."

ఆమె తల దించుకుంది.

"అతనికీ ఇవ్వను. నువ్వు పెట్టెలో గుడ్డ మర్చిపోయే రకం. అతను ఆకు చూసి, ఊరంతా ఒకటే చెట్టనుకునే రకం. విడివిడిగా మీ ఇద్దరిలో ఎవరి చేతికి తాళాలిచ్చినా నాకు నిద్రపట్టదు. ఇద్దరికీ కలిపి అయితే ఆలోచిస్తాను." కాగితాలు చదును చేసుకుంటూ అంది. "అబ్బాయ్, రేపు మీ అమ్మానాన్నల్ని తీసుకురా. మాట్లాడి ఒక తారీఖు రాయాలి."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, పక్కనున్న స్పానరు తీసి మళ్లీ అక్కడే పెట్టాడు, ఎందుకో అతనికే తెలియదు. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"సిగ్గు తర్వాత పడుదువుగాని," అంది అమ్మమ్మ. "ముందు స్టార్ట్ చెయ్యి, చూద్దాం."

ఆమె కారెక్కి తాళం తిప్పబోయింది.

"ఆగాగు," అంది అమ్మమ్మ, కళ్లజోడు పైకెత్తి. "నా గుడ్డ ఏది?"

అతను తన చేతులు చూసుకున్నాడు. జేబులు తడుముకున్నాడు. ఆమె అద్దంలోంచి అతన్ని చూసింది. అతను ఆమెని చూశాడు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఆ నల్లటి పెట్టె వైపు చూశారు.

"నీ వల్లే," అంది ఆమె, దిగుతూ.

"నీ వల్లే," అన్నాడు అతను, మొదటి క్లిప్పు లాగుతూ.